ముల్లు దొరికింది, కుంటు పోలేదు: ఒక వనరాజా పెట్ట కేసు

కుంటే కోడిని డాక్టరు దగ్గరికి తెచ్చేవాళ్లు మా కడప వైపు తక్కువ. కోడి కుంటుతోందంటే సాయంత్రానికి సంగటిలోకి పులుసైపోతుంది. ఐదారు వందలు చేసే కోడికి మందులు, కట్లు, రానూపోనూ పెట్రోలు కలిపితే అసలుకు మించుతుందని జనం లెక్క. ఆ లెక్క తప్పని నేను అనను. అందుకే పోయిన మార్చిలో ఎర్రగుంట్ల దగ్గరి పల్లె నుంచి ఒక అవ్వ మనవడి బైకు మీద, ఒళ్లో గంప పెట్టుకుని వచ్చి దిగితే లోపల మేకపిల్ల ఉందేమో అనుకున్నాను. మూత తీస్తే ఎర్రటి పెట్ట.

"కాలు కింద మోపడంల్యా నాయనా. కోసేద్దామంటాడు వీడు. నాకు మనసొప్పల్యా. దినం ఇడిసి దినం గుడ్డు పెడ్తాది."

ఈ కోడిని నేను రెండు విడతలుగా చూడాల్సి వచ్చింది. మొదటి విడత వైద్యంలో పెద్ద తప్పేమీ లేదు. అయినా రెండో విడత ఎందుకు అవసరమైందో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మొదటి రోజు

వనరాజా పెట్ట, వయసు రెండేళ్లు. సంచిలో వేసి స్ప్రింగు కాటాకు తగిలిస్తే 2.9 కిలోలు. వనరాజా హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకం. నాటుకోడి కన్నా బరువు తూగుతుంది, గుడ్లూ ఎక్కువే పెడుతుంది. అయినా 2.9 అంటే ఈ పెట్టకు ఎక్కువే. రొమ్ము ఎముక మీద చెయ్యి వేస్తే అంచు చేతికి తగల్లేదు, కొవ్వులో కూరుకుపోయింది.

చేతికి ఎత్తుకోకముందే నేల మీద వదిలి, దూరంగా కుర్చీలో కూర్చుని ఐదు నిమిషాలు ఊరికే చూశాను. కోడిని చూడగానే పట్టేసుకుంటే సగం సమాచారం పోతుంది. ఎడమ కాలి మీద నిలబడింది. కుడి కాలు వేళ్లు ముడుచుకుని పొట్టలోకి లాక్కుంది. నడవక తప్పనప్పుడు కుడి పాదం వేళ్ల కొసలతో నేలను తాకించి చటుక్కున ఎత్తేసింది. జుట్టు ఎర్రగా ఉంది, కళ్లు చురుగ్గా ఉన్నాయి. నాలుగు గింజలు వేస్తే ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చి తినింది. జ్వరం చూస్తే 106.8 డిగ్రీలు. అవ్వ కంగారుపడింది గానీ కోడికి అది మామూలే. దాని ఒళ్లే మనకంటే వేడి.

కోడి కుంటడానికి కారణాలు చాలా ఉంటాయి. తల మెలితిప్పడం, పచ్చటి విరేచనం, పక్కింటి కోళ్లు కూడా పడిపోవడం ఉంటే కొక్కెర తెగులు అనుమానించాలి. అప్పుడు కాలు చూస్తూ కూర్చోకూడదు, మిగతా కోళ్లను వేరు చేసి వెంటనే కబురు పెట్టాలి. మూణ్నాలుగు నెలల పిల్లపెట్ట ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాపి పడుకుంటే మారెక్స్ అనే వైరస్ జబ్బు కావచ్చు. దానికి వైద్యం లేదు, పిల్ల పుట్టిన రోజే వేసే టీకా ఒక్కటే దారి. చిన్న కోడిపిల్లల వేళ్లు లోపలికి చుట్టుకుపోతే బి2 విటమిన్ తక్కువైందని. గుడ్డు లోపల ఇరుక్కున్న పెట్ట కూడా కాళ్లు పడిపోయినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ గుడ్డు కాలికి పోయే నరాన్ని నొక్కుతుంది. కాలి పొలుసులు లేచి సున్నం పూసినట్టుంటే అది గజ్జి పురుగు. ఇవేవీ కాకుండా, కుట్టు మిషను దగ్గర పడేసిన దారం ముక్క వేలికి చుట్టుకుని, వేలు నల్లబడి కుంటిన కోళ్లను కూడా చూశాను.

ఈ పెట్టకు పొట్ట కింద తడిమితే గుడ్డు తగల్లేదు. రెట్ట మామూలుగా ఉంది. తుంటి నుంచి కిందికి రెండు చేతులతో రెండు కాళ్లనూ ఒకేసారి తడుముతూ వచ్చాను. ఒక కాలిని విడిగా చూస్తే వాపు తెలియదు, రెండోదానితో పోల్చితేనే తెలుస్తుంది. తొడ, మోకాలు, కీళ్లు బాగున్నాయి, ఎముక కరకరలాడలేదు. నా వేలు అందిస్తే రెండు పాదాలూ గట్టిగా పట్టుకున్నాయి కాబట్టి నరాల జబ్బు కాదు. కుడి పాదం మాత్రం వెచ్చగా ఉంది. వేళ్ల సందుల్లో ఉబ్బింది. తిరగేస్తే అరికాలి మెత్త మధ్యలో నల్లటి పక్కు, శనగగింజంత. దాని చుట్టూ చర్మం నున్నగా మెరుస్తోంది.

దీన్ని పుస్తకాల్లో బంబుల్‌ఫుట్ అంటారు. పల్లెల్లో కొందరు ఆనె అంటారు, కొందరు కురుపంటారు. అరికాలి చర్మం ఎక్కడో చిట్లుతుంది, మన చర్మం మీదా మట్టిలోనూ ఉండే స్టఫైలోకాకస్ లాంటి సూక్ష్మజీవి లోపలికి దూరుతుంది, పైన పక్కు కట్టి లోపల చీము చేరుతుంది. చిట్లడానికి ముల్లు చాలు, గాజుపెంకు చాలు, గరుకు కర్ర చాలు. ఎత్తు నుంచి గట్టి నేల మీదికి పదేపదే దూకడం కూడా చాలు. బరువు కోడి అయితే మరీనూ.

ఇదంతా నాకు తెలుసు. అందుకే అడిగాను కూడా.

"అవ్వా, ఇది గోడలు ఎగిరెక్కుతుందా?"

"మూడు కేజీల ముండ, యాడెగురుతాది నాయనా!"

కేసు షీటులో 'ఎగరదు' అని రాసుకున్నాను.

మోకాళ్ల నొప్పుల బిళ్ల

ఇంట్లో ఏం వైద్యం చేశారని అడిగితే మొదట పసుపూ నూనే అన్నారు. ఇంకోసారి అడిగితే మనవడు నసిగాడు. అవ్వ మోకాళ్ల నొప్పులకు వాడే బిళ్ల పావు ముక్క అన్నంలో కలిపి పెట్టాడట, ముందు రోజు రాత్రి. స్ట్రిప్పు ఫోటో చూపించాడు. డైక్లోఫెనాక్ 50 మిల్లీగ్రాములు.

ఇక్కడ కాస్త ఆగాలి. మన దేశంలో రాబందులు కోట్ల లెక్కన పోయింది ఈ మందు వల్లే. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువు చచ్చిపోతే దాన్ని తిన్న రాబందుల కిడ్నీలు దెబ్బతినేవి. 2006లో పశువులకు దాని వాడకాన్ని నిషేధించారు. కోడి రాబందంత సున్నితం కాకపోయినా పక్షే, దాని కిడ్నీకీ ఇది విషమే. పావు బిళ్ల అంటే పన్నెండున్నర మిల్లీగ్రాములు, మూడు కిలోల కోడికి అది చిన్న మోతాదేం కాదు. ఇంకో రెండు రోజులు పెట్టుంటే కాలి సంగతి దాకా వచ్చేవాళ్లం కాదు.

ఆ అబ్బాయిని తిట్టలేదు. వాడు కోడి నొప్పి చూడలేకే ఇచ్చాడు. అయితే దీనివల్ల నా ప్లాను మారింది. నొప్పి తగ్గడానికి నేను ఇవ్వాల్సిన మెలాక్సికామ్ కూడా అదే కుటుంబం మందు, ఒకదాని మీద ఒకటి పడితే కిడ్నీకి రెట్టింపు భారం. రెండు రోజులు ఆపాను. ఈలోగా నీళ్లు బాగా తాగేలా చూడమని, రెట్టలో తెల్లటి భాగం ఉన్నట్టుండి ఎక్కువైనా, కోడి నీరసించినా ఫోన్ చేయమని చెప్పాను. ఆ అవసరం రాలేదు.

పక్కు తీయడం

బకెట్లో గోరువెచ్చని నీళ్లు, లీటరుకు రెండు చెంచాల భేది ఉప్పు. పాదం అందులో మునిగేలా పావుగంట. పక్కు నాననిదే కత్తి పెట్టకూడదు. పొడి పక్కును పీకితే చుట్టూ ఉన్న మంచి చర్మం కూడా లేచొస్తుంది. కోడిని పాత టవల్లో చుట్టి, కళ్ల మీద కొస కప్పితే నిద్రపోయినట్టు పడి ఉంది. మనవడికి ఒక్కటే చెప్పాను: ఛాతీ మీద గట్టిగా నొక్కొద్దని. కోడికి మనలా ఊపిరిని లాగే పొర లేదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే గాలి ఆడుతుంది. గట్టిగా వాటేసుకుంటే ఏ జబ్బూ లేని కోడి కూడా చేతిలోనే చస్తుంది.

మత్తుకు లిగ్నోకెయిన్. పక్షులకు ఇది చాలా కొలిచి ఇవ్వాలి, కిలోకు నాలుగు మిల్లీగ్రాములు దాటకూడదు. 2 శాతం మందు అర మిల్లీలీటరు తీసి, అంతే సెలైన్ కలిపి, పాదం చుట్టూ చుక్కచుక్కగా ఇచ్చాను.

పక్కు అంచును కత్తి కొసతో లేపితే మూతలా లేచింది. చీము కారుతుందని మనవడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. కోడి చీము కారదు. మనలో చీమును నీరు చేసే రసాయనం పక్షి రక్తకణాల్లో ఉండదు. అందుకని అది పసుపు పచ్చగా, ఎండిన జున్నులా గట్టిపడుతుంది. పిండితే రాదు, పిండితే ఇంకా లోపలికి పోతుంది. ఎంత మంచి యాంటీబయోటిక్ వేసినా ఆ ముద్దలోకి ఇంకదు కూడా. కాబట్టి ముద్ద బయటికి రావాల్సిందే. చిమటాతో మెల్లగా కదిలిస్తూ తీశాను. వేరున్న పల్లు ఊడినట్టు ఒక తోకతో సహా వచ్చింది, కందిగింజ కన్నా కొంచెం పెద్దది. దాన్ని గాజు పలక మీద చీల్చి చూస్తే మధ్యలో నల్లటి కొస. కంప ముల్లు, మూడు మిల్లీమీటర్లు ఉంటుంది.

ఆ ముల్లును అవ్వకు చూపించినప్పుడు నాకు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు. పల్లె చుట్టూ కంప చెట్లే, పొయ్యిలోకి కంప కట్టెలే. ముల్లు గుచ్చుకుంది, చీము పట్టింది, తీసేశాం. కేసు నా మనసులో అక్కడే మూతపడింది.

మిగతాది మామూలు పనే. గుంతను సెలైన్‌తో కడిగి, పల్చని టీ రంగు వచ్చేలా కలిపిన బెటాడిన్‌తో మళ్లీ కడిగి, బెటాడిన్ ఆయింట్‌మెంట్ పూసిన గాజుగుడ్డ నింపాను. పాత హవాయి చెప్పును పాదం ఆకారంలో కోసి, గాయం వచ్చే చోట రూపాయి బిళ్లంత రంధ్రం చేసి, దాని మీద పాదం పెట్టి కట్టు కట్టాను. బరువంతా చెప్పు అంచుల మీద పడుతుంది, గాయం గాల్లో ఉంటుంది. కొన్న దూదికట్ల కన్నా ఇది నాకు బాగా పనిచేసింది, ఖర్చూ లేదు. కట్టు కట్టాక వేళ్ల కొసలు వెచ్చగా ఉన్నాయో లేదో పట్టి చూడాలి, చల్లబడితే కట్టు బిగిసినట్టు.

యాంటీబయోటిక్ అమాక్సిసిలిన్–క్లావులానిక్, ఏడు రోజులు. మా వైపు కోళ్లకు ఏ జబ్బొచ్చినా ఎన్రోఫ్లాక్సాసిన్ చుక్కలు తెచ్చి నీళ్లలో పోస్తారు. అది గుడ్లలో చాలా రోజులు మిగిలిపోతుంది, గుడ్లు తినే ఇంట్లో నేను వాడను. నేనిచ్చిన మందుకైనా మందు నడిచినన్ని రోజులూ, ఆపాక ఇంకో రెండు వారాలూ గుడ్లు పారేయమన్నాను. అవ్వకు నొప్పి కలిగింది ఈ మాటకే. కోడి కాలికి కత్తి పెడితే చలించని మనిషి, "పది గుడ్లు నాయనా!" అని నిట్టూర్చింది. కట్టు విప్పినప్పుడల్లా గ్లౌజు వేసుకోమని, లేదంటే సబ్బుతో మోచేతి దాకా కడుక్కోమని మనవడికి చెప్పాను. అదే సూక్ష్మజీవి మన చేతి గీరుళ్లలోనూ చీము పట్టిస్తుంది.

కోడిని మిగతావాటికి దూరంగా, గంప కింద, రోజూ మార్చే వరిగడ్డి మీద ఉంచారు. కట్టు రెండు రోజులకోసారి మార్చాం. అయిదో రోజుకు పాదం మోపింది. తొమ్మిదో రోజుకు గుంత అడుగు నుంచి ఎర్రగా కండ పట్టింది. ఇరవై ఒకటో రోజు కట్టు విప్పేస్తే కొత్త చర్మం, గులాబీ రంగులో. వదిలేయమన్నాను.

జూన్‌లో ఎడమ కాలు

జూన్ మొదటి వారంలో ఫోన్ వచ్చింది. ఈసారి ఎడమ కాలు. ఫోటో పంపమంటే మనవడు పంపాడు. అరికాలి మధ్యలో ఎరుపు, నడిమిన గట్టిపడిన ఆనె, పక్కు ఇంకా కట్టలేదు. మళ్లీ ముల్లేనా? అదే చోట, రెండో కాలికి, సరిగ్గా మధ్యలో? ముల్లయితే వేలి పక్కనో మడమనో ఎక్కడైనా గుచ్చుకోవచ్చు.

నా వైపు నుంచి ఒక పొరపాటు అప్పుడే తెలిసిపోయింది. కుడి కాలికి కట్టు ఉన్న మూడు వారాలూ బరువంతా మోసింది ఎడమ కాలే. దాని కింద మెత్త వేయాలని నాకు తట్టలేదు. అయితే అదొక్కటే అయితే ఏప్రిల్‌లోనే బయటపడాలి కదా అనిపించి, సాయంత్రం బండి తీసుకుని వాళ్ల ఊరికి పోయాను.

ఆ ఇల్లు చూస్తే కడప జిల్లాలో ఏ పల్లెకు పోయినా కనిపించే ఇల్లే. ముందు వాకిలి, వెనక పెరడు, రెండూ నల్ల బండలు పరిచినవే. ఎర్రగుంట్ల చుట్టుపక్కల క్వారీలుంటే నేలకు బండలు కాక ఇంకేం వేస్తారు? నీళ్లు పోసి చిమ్మితే అద్దంలా ఉంటాయి. అవ్వ పెరట్లో మట్టి అనేది అరచెయ్యంత కూడా లేదు. పక్కనే మిద్దె మీదికి పోయే మెట్లు, సగంలో మలుపు, మలుపు దగ్గర చిన్న గోడ.

పొద్దు గూకే వేళకు కోళ్లన్నీ గూటి చుట్టూ చేరాయి. ఈ ఎర్రది మాత్రం, కుంటుకుంటూ, మెట్ల దగ్గరికి నడిచింది. మొదటి మెట్టు ఎక్కింది. ఆగింది. రెండో మెట్టు. ఒక్కో మెట్టూ ముసలావిడలా ఆయాసపడుతూ ఎక్కి, మలుపు దగ్గరికి చేరి, గోడ మీదికి ఒక్క గెంతు గెంతి, ఈకలు సర్దుకుని కూర్చుంది.

"రోజూ ఇక్కడే పడుకుంటుందా అవ్వా?"

"రోజూ ఆడ్నే. పిల్లి బయం కదా."

"మరి ఎగరదంటివి?"

"యాడెగిరింది నాయనా? నడిచి కదా పోయింది!"

అవ్వ తప్పు చెప్పలేదు. నేను అడిగింది ఎగురుతుందా అని. దిగేటప్పుడు ఎలా దిగుతుంది అని అడగలేదు. ఆ రాత్రి వాళ్ల బంధువుల ఇంట్లోనే పడుకుని, తెల్లవారుజామున వచ్చి మెట్ల కింద నిలబడ్డాను. అవ్వ చేటలో నూకలు తెచ్చి, గోడకు సరిగ్గా కింద చల్లి, "బబ్బబ్బబ్బా" అని పిలిచింది. ఎర్రది మెట్ల వైపు చూడను కూడా చూడలేదు. రెక్కలు రెండుసార్లు కొట్టి నేరుగా కిందికి దూకింది. బండ మీద రెండు పాదాలూ పడిన చప్పుడు నాకు పది అడుగుల దూరంలో వినిపించింది, తడి బట్ట బండకేసి కొట్టినట్టు. టేపు పెట్టి కొలిస్తే కింది బండ నుంచి గోడ పైఅంచు దాకా ఆరడుగుల నాలుగంగుళాలు.

ముల్లు నిజమే. ముల్లు గుచ్చుకోవడానికి ముందే ఆ అరికాలు ఎన్నాళ్ల నుంచో రోజుకొక దెబ్బ తింటోంది. ముల్లు కళ్లకు కనపడేసరికి ఆపైన ఏదీ అడగాలనిపించలేదు నాకు.

ఈసారి చేసింది

కత్తి పెట్టలేదు. ఎడమ కాలికి పక్కు కట్టని దశ కాబట్టి పది రోజులు భేది ఉప్పు నీళ్లు, బెటాడిన్, రెండు కాళ్లకూ చెప్పు మెత్తలు. యాంటీబయోటిక్ లేదు, కాబట్టి గుడ్లు పారేసే బాధా లేదు. అవ్వ ముఖం వికసించింది.

అసలు పని పెరట్లో జరిగింది. మెట్ల మొదట్లో పాత తలుపు అడ్డం పెట్టాం. గూటి పక్కన నేలకు అడుగున్నర ఎత్తులో రెండంగుళాల వెడల్పు కర్ర కట్టాం, అంచులు చెక్కి గుండ్రం చేసి. గుండ్రటి సన్న కడ్డీ పెట్టబోయాడు మనవడు, వద్దన్నాను. దాని మీద పాదం బరువంతా ఒకే గీత మీద పడుతుంది. పిల్లి రాకుండా చుట్టూ మెష్ కొట్టాడు. ఆ కర్ర కింద, మేత చల్లే చోట, పెన్న ఇసుక నాలుగంగుళాల మందాన పోశాం.

ఇక మేత. అవ్వ పెట్టేది మిగిలిన అన్నం, నూకలు, శనగకాయ చెక్క. బరువు పెరగక ఏమవుతుంది? అన్నం ఆపేసి, గుడ్ల కోళ్ల కోసం అమ్మే లేయర్ మేత కొలిచి, పగలంతా కొమ్మకు కట్టిన మునగాకు పెట్టమన్నాను. విటమిన్ ఏ తక్కువైతే అరికాలి చర్మం గట్టిదనం పోతుంది, మునగాకులో అది పుష్కలం. రెండు నెలలకు కాటా 2.5 కిలోలు చూపించింది.

ఆగస్టులో ఆఖరిసారి పోయాను. పాదాలు తిరగేసి చూడకముందే ఇసుక చూశాను. ఇసుక పోసినందువల్ల నేను అనుకోని లాభం ఒకటి ఇది: కోడి ఏ కాలు ఎంత మోపుతోందో పొద్దున్నే రాసి పెట్టి ఉంటుంది. జూన్‌లో మనవడు పంపిన ఫోటోల్లో ఎడమ పాదం గుర్తుకు మూడు వేళ్ల గీతలే ఉండేవి, మధ్యలో మెత్త గుంట పడేది కాదు. ఇప్పుడు రెండు వైపులా మూడు వేళ్లూ, వెనక వేలూ, మధ్యలో గుంటా ఒకే లోతులో ఉన్నాయి. కుడి అరికాలిలో పాత మచ్చ కాస్త గట్టిగా తగులుతోంది, అది ఉండిపోతుంది.

తలుపు అడ్డం ఉన్నా ఎర్రది రోజూ సాయంత్రం మెట్ల దాకా పోయి, తలుపును కాసేపు చూసి తిరిగొస్తుందట. అవ్వ గొడవ మాత్రం వేరే.

"కోడి బాగయ్యింది కదా నాయనా. ఈ ఇసకంతా ఇంట్లోకొచ్చాంది. చిమ్మలేక సస్తాండా. ఇంగ ఎత్తేయచ్చా?"

వద్దన్నాను. చేట చేతిలో పట్టుకునే నన్ను బండి దాకా సాగనంపింది.